గ్లెన్ మర్కట్: ఆఫీసు పెంచకుండా పేరు పెంచుకున్న ఆస్ట్రేలియా ఆర్కిటెక్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, ఇల్లు కట్టుకోబోయేవాళ్లు, ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ మనవాళ్లు గ్లెన్ మర్కట్ పేరు వినగానే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి రెండు ముక్కలు చాలు. కొన్నిటికి కాస్త ఓపిగ్గా చెప్పాలి. ఆయన పని మీద నాకున్న అభిమానం ఎలాగూ కనిపిస్తుంది, దాచే ప్రయత్నం చేయలేదు.

అసలు ఎవరీయన?

ఆస్ట్రేలియాలో మాత్రమే కట్టి, ఎక్కువగా ఇళ్లే కట్టి, దాదాపు ఒంటరిగా పనిచేసి ప్రపంచంలోని అతిపెద్ద ఆర్కిటెక్చర్ అవార్డు అందుకున్న మనిషి. 2002లో ప్రిట్జ్‌కర్ ప్రైజ్ వచ్చింది. ఆ బహుమతి పొందిన మొదటి ఆస్ట్రేలియన్ ఆయనే. వందలమంది ఉద్యోగులు, నాలుగైదు దేశాల్లో బ్రాంచీలు, ఆకాశాన్నంటే టవర్లు ఉన్నవాళ్ల పక్కన సెక్రటరీ కూడా లేని ఒక మనిషి నిలబడ్డాడు. అందుకే ఆయన కెరీర్ గురించి ఇంతమంది అడుగుతారు.

పుట్టింది లండన్‌లో అంటారు, మరి ఆస్ట్రేలియన్ ఎలా అయ్యాడు?

తల్లిదండ్రులు ఆస్ట్రేలియన్లు. 1936లో వాళ్లు లండన్‌లో ఉండగా పుట్టాడు. కానీ ఊహ తెలిసింది అక్కడ కాదు, పాపువా న్యూ గినీలోని మొరోబే ప్రాంతంలో. తండ్రి ఆర్థర్ మర్కట్ అక్కడ బంగారం వెతికే పనిలో ఉండేవాడు. స్తంభాల మీద నేలకు ఎత్తుగా నిలిపి, పైన రేకులు వేసిన ఇంట్లో ఆ కుటుంబం కాపురం. చుట్టూ మనిషి ఎత్తు గడ్డి. దాని కదలికను బట్టి ఎవరైనా వస్తున్నారా అని గమనించడం ఆ ఇంట్లో పిల్లలకు కూడా అలవాటైన జాగ్రత్త. అయిదేళ్ల వయసులో, 1941లో సిడ్నీ చేరారు.

నేలకు ఎత్తుగా ఉన్న ఇల్లు, రేకుల కప్పు, లోపల కూర్చుని బయట కదిలే ప్రతిదాన్నీ చూడగలగడం: ఈ మూడూ తర్వాత ఆయన కట్టిన ఇళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

తండ్రి ప్రభావం ఎంత?

చాలా ఎక్కువ. సిడ్నీలో ఆర్థర్ ఇళ్లు కట్టేవాడు, చెక్క పని చేసేవాడు. కొడుకు చిన్నప్పటి నుంచే ఆ వర్క్‌షాపులో తిరుగుతూ చెక్కను ఎలా కోయాలో, కిటికీ ఫ్రేము ఎలా కూర్చాలో చేత్తో చేసి నేర్చుకున్నాడు. అమెరికన్ రచయిత థోరో రాతలు ఆ ఇంట్లో పాఠ్యపుస్తకాల్లాంటివి. టీనేజ్‌లో ఉండగా ప్రసిద్ధ ఆధునిక ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె ఉక్కు, గాజుతో కట్టిన ఫార్న్స్‌వర్త్ హౌస్ గురించి ఒక పత్రికలో వచ్చిన వ్యాసాన్ని తండ్రి కొడుకు చేత చదివించాడు. ఊరికే చదివించి వదిలేయలేదు. ఏం అర్థమైందని గుచ్చి గుచ్చి అడిగేవాడట.

తండ్రి దగ్గర నేర్చుకున్నవని మర్కట్ తరచుగా చెప్పే మాటలు రెండున్నాయి. చాలామంది జీవితం మామూలు పనులతోనే గడిచిపోతుంది కాబట్టి ఆ మామూలు పనులనే అసాధారణంగా బాగా చేయాలి అన్నది మొదటిది. తెలిసి తెలిసి ఒక చోట రాజీ పడితే, ఆ నాసిరకం పనిని చూసి వచ్చేవాడే నీ తర్వాతి క్లయింట్ అవుతాడు అన్నది రెండోది. ఆయన కెరీర్‌లోని నిర్ణయాలు చూస్తుంటే ఈ రెండో మాటను అక్షరాలా పాటించాడని అనిపిస్తుంది.

చదువు, మొదటి ఉద్యోగాలు?

1956 నుంచి 1961 వరకు సిడ్నీ టెక్నికల్ కాలేజీలో ఆర్కిటెక్చర్ చదివాడు. 1962లో యూరప్ వెళ్లి రెండేళ్లు తిరిగాడు, లండన్‌లో కొంతకాలం పనిచేశాడు. 1964లో తిరిగొచ్చి సిడ్నీలోని యాంకర్, మార్ట్‌లాక్, ముర్రే అండ్ వూలీ ఆఫీసులో చేరాడు. ఆ రోజుల్లో మంచి పేరున్న ఆఫీసు అది. 1969లో బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టాడు. అప్పటికి ముప్పై మూడేళ్లు.

సొంత ప్రాక్టీస్ పెట్టాక ఆఫీసు ఎందుకు పెంచలేదు? అంత పని ఒక్కడే ఎలా చేశాడు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. చాలా జవాబులు దీన్ని ఏదో వైరాగ్యం అన్నట్టు చెబుతాయి. నాకలా అనిపించదు. అది పని పద్ధతికి సంబంధించిన లెక్క.

పదిమందిని పెట్టుకుంటే నెల తిరిగేసరికి పదిమందికి జీతాలివ్వాలి. దాని కోసం వచ్చిన ప్రతి పనీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక సైట్ దగ్గర గడపాల్సిన టైమ్ కాస్తా మీటింగులకు పోతుంది. మర్కట్ ఆ దారికే వెళ్లలేదు. స్కెచ్ నుంచి, కాంట్రాక్టర్ చేతికిచ్చే ఆఖరి వర్కింగ్ డ్రాయింగ్ దాకా సొంతంగా గీశాడు. జీతాల టెన్షన్ లేదు కాబట్టి నచ్చని పనికి వద్దు అని చెప్పగలిగాడు. ఇల్లు కావాలంటూ వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఎదురుచూడటానికి ఒప్పుకోనివాళ్లు వేరే ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్లారు. ఆయనకు అదేం నష్టంగా తోచలేదు.

ఒంటరిగా అంటే ఎవరితోనూ కలవలేదని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్లు, మేస్త్రీలు, వడ్రంగులతో చాలా దగ్గరగా పనిచేశాడు. పెద్ద పని వచ్చినప్పుడు ఆ ఒక్క పనికి ఇంకో ఆర్కిటెక్ట్‌తో చేతులు కలిపేవాడు, పని అయ్యాక ఎవరి దారి వాళ్లది. అయితే ఈ పద్ధతికి ఒక మూల్యం ఉంది. రాబడి పరిమితం, ఎక్కువమందికి చేరలేం. ఆయనలా ఉండాలనుకునే కుర్రాళ్లు దాన్ని కూడా ముందే లెక్క వేసుకోవాలి.

పేరు తెచ్చిన మొదటి ఇల్లు ఏది?

మొదట్లో కట్టిన ఇళ్లు మీస్ ప్రభావంలో ఉక్కు, గాజు పెట్టెల్లా ఉండేవి. బాగుండేవి, అవార్డులూ వచ్చాయి. మలుపు 1973లో వచ్చింది. పారిస్‌లో పియర్ షారో కట్టిన గాజు ఇల్లు, మెజోన్ ద వెర్, చూశాక ఆధునికత ఒకే అచ్చులో ఉండక్కర్లేదని ఆయనకు గట్టిగా అనిపించింది.

ఆ తర్వాత వచ్చిందే సిడ్నీకి ఉత్తరాన కెంప్సీ దగ్గరి పొలంలో 1975లో పూర్తయిన మేరీ షార్ట్ హౌస్. వరదనీళ్లు నిలిచే పల్లపు నేల కావడంతో చెక్క స్తంభాల మీద ఇంటిని పైకెత్తాడు. పొడవాటి గదుల వరసలు రెండు పక్కపక్కన, ఒకటి కాస్త ముందుకు జరిగినట్టు ఉంటాయి. పైన వంపు తిరిగిన రేకులు, గోడల బదులు తెరిచి మూసే రెక్కలు. ఆస్ట్రేలియా పల్లెల్లో గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డును చూసినవాళ్లకు ఆ ఇల్లు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. ఆ ఇంటి మీద ప్రేమతో 1980లో మర్కట్టే దాన్ని కొనుక్కుని, తర్వాత పెంచి కట్టాడు.

రేకుల ఇల్లు అంటే మనకు చిన్నచూపు. ఆయన రేకులే ఎందుకు వాడాడు?

మన దగ్గర రేకుల ఇల్లు అంటే స్లాబ్ వేసే స్తోమత లేక వేసుకున్నది. మే నెల మధ్యాహ్నం అందులో కూర్చున్నవాళ్లకు రేకు పేరు చెబితేనే చెమటలు పడతాయి. కానీ తప్పు రేకుది కాదు. రేకు కింద ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, లేకపోవడం, వేడిగాలి బయటికి పోయే దారి లేకపోవడం అసలు సమస్య.

ఆస్ట్రేలియాలో ముడతల రేకు పంతొమ్మిదో శతాబ్దం నుంచి పల్లె సరుకు. తేలిక, దూరాలకు మోయొచ్చు, వాన నీళ్లు శుభ్రంగా జారి ట్యాంకులో పడతాయి, వంపు తిప్పొచ్చు. మర్కట్ కింద ఇన్సులేషన్, లోపల సీలింగ్, కొన్ని ఇళ్లలో వేడి పైనుంచి పోయే ఏర్పాటు పెట్టి అదే రేకును పెద్దింటి కప్పుగా మార్చాడు. చవక సరుకు అని దాన్ని అశ్రద్ధగా వాడలేదు. అంచు ఎక్కడ ఆగాలి, ఎంత పలుచగా కనిపించాలి అన్నదాకా ఆలోచించాడు.

మాగ్నీ హౌస్ గురించి అంతగా ఎందుకు చెబుతారు?

ఒక్క ఇల్లు చూసి ఆయన్ను అర్థం చేసుకోవాలంటే నేను చూపించేది అదే.

న్యూ సౌత్ వేల్స్ దక్షిణ తీరంలో బింగీ అనే చోట, చెట్టూ చేమా పెద్దగా లేని గడ్డి కొండ మీద 1984లో పూర్తయింది. ఎదురుగా సముద్రం, దక్షిణం నుంచి కొట్టే చలిగాలి. ఆ కుటుంబం ఏళ్లుగా అక్కడికి వచ్చి టెంట్ వేసుకుని గడిపేది. టెంట్‌లాంటి తేలికైన ఇల్లే కావాలన్నారు.

ఆయన గీసింది సన్నటి పొడవాటి ఇల్లు. ఒకే గది లోతు. దక్షిణం వైపు చలిగాలికి దాదాపు మూసేసి, స్నానాల గదులు, వంట, అల్మారాలు ఆ వరసలో పెట్టాడు. ఉత్తరం వైపు అంతా అద్దాలు. దక్షిణార్ధగోళం కదా, అక్కడ సూర్యుడు ఉత్తరంగా తిరుగుతాడు. జూన్‌లో, అంటే వాళ్ల చలికాలంలో, మధ్యాహ్నం సూర్యుడు సుమారు 31 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డిసెంబర్ ఎండాకాలంలో 77 డిగ్రీల దాకా ఎక్కుతాడు. చూరును ఆ లెక్కకు సరిగ్గా ఆపితే చలికాలపు ఎండ గది లోపలి దాకా వస్తుంది, వేసవి ఎండ బయటే ఆగిపోతుంది. అద్దాల బయట మడిచే లోహపు బ్లైండ్లు ఉంటాయి. వేడిని అద్దం దాటక ముందే ఆపాలన్నది ఆయన సూత్రం. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే.

కప్పు మధ్యలో లోయలా దిగి రెండు వైపులకీ పైకి లేస్తుంది. ఆ లోయలోంచి వాన నీళ్లు రెండు చివర్లలో లావుపాటి గొట్టాల్లో దిగి భూమిలోని ట్యాంకులకు చేరతాయి. బయటి నుంచి చూస్తే రెక్క విప్పిన పక్షిలా ఉందని అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ వంపుకు కారణం ఎండ, గాలి, నీళ్లు.

అయితే మన ఇంటికీ ఉత్తరం వైపు పెద్ద అద్దాలు పెట్టించుకోవచ్చా?

ఆయన్ను చూసి పెట్టించుకోకండి. అక్కడి ఉత్తరం మనకు దక్షిణం. అలాగని దిక్కు తిప్పి కాపీ కొట్టినా పనిచేయదు. విజయవాడ సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి ఏడు డిగ్రీలు ఉత్తరానికి పోతాడు. మనకు చలికాలపు ఎండను ఇంట్లోకి పిలవాల్సిన అవసరమే లేదు. మన బాధ కప్పు మీద పడే ఎండ, పడమటి గోడ మీద సాయంత్రం దాకా కాసే ఎండ. లోతైన వసారా, నీడలో ఉన్న పడమటి గోడ, వేడెక్కని కప్పు మనకు కావాలి. మర్కట్ దగ్గర తీసుకోవాల్సింది ఆ లెక్క వేసే పద్ధతి. ఆయన డ్రాయింగుల్లో సూర్యుడి కోణం, గాలి దిక్కు గీసి ఉంటాయి. మీ ఇంటి ప్లాన్ గీసినవాళ్లను అవి అడిగి చూడండి.

తుఫాన్లకు తట్టుకునే ఇల్లు కట్టాడని విన్నాం. నిజమేనా?

నిజమే. కోస్తావాళ్లు శ్రద్ధగా చదవాల్సిన ఇల్లు కూడా అదే. పేరు మరికా-ఆల్డర్టన్ హౌస్. ఆస్ట్రేలియా ఉత్తర కొసన, ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లోని యిర్కాలాలో, యోల్ఙు జాతికి చెందిన ఒక కళాకారిణి కుటుంబం కోసం 1994లో పూర్తి చేశాడు. ఉష్ణమండలం, ఉక్కపోత, తుఫాన్లు, సముద్రపు పోటు. అలాంటి చోట్ల ఆదివాసులకు ప్రభుత్వం కట్టించినవి ఎక్కువగా గాలి ఆడని కాంక్రీటు దిమ్మెల పెట్టెలు. వాటికి జవాబు ఎలా ఉండాలో చూపించడం మర్కట్ ఉద్దేశం.

ఈ ఇంట్లో కిటికీ అద్దమే లేదు. గోడల చోట ప్లైవుడ్ పలకలు, చెక్క పట్టీల రెక్కలు. పలకలను బయటికి ఎత్తి నిలబెడితే అవే చూరులా నీడనిస్తాయి, ఇల్లంతా ఒక పెద్ద వసారా అయిపోతుంది. నేలకు ఎత్తుగా నిలపడంతో పోటు వచ్చినా నీళ్లు కిందినుంచి పోతాయి, మామూలు రోజుల్లో అక్కడినుంచి చల్లగాలి. బయట నిలువుగా నిలబెట్టిన రెక్కలు పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండను ఆపుతాయి, గదికీ గదికీ మధ్య మరుగునిస్తాయి.

తుఫానులో ఇంటి కప్పు ఎందుకు లేచిపోతుందో దివిసీమవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైన గాలి వేగంగా పోతుంటే కప్పును పైకి లాగే ఒత్తిడి పుడుతుంది, లోపల చిక్కిన గాలి కింది నుంచి నెడుతుంది. మర్కట్ కప్పు మీద గాలి వాటానికి తిరిగే గొట్టాలు పెట్టాడు. లోపలి ఒత్తిడి వాటిలోంచి బయటికి పోతుంది. మామూలు రోజుల్లో వేడిగాలి పోయేదీ వాటిలోంచే. అస్థిపంజరం ఉక్కుది. విడిభాగాలన్నీ సిడ్నీ దగ్గర తయారుచేయించి, అక్కడికి చేర్చి బిగించారు.

లోపల కూర్చుంటే దూరంగా ఎవరు వస్తున్నారో కనిపించాలి, దిగంతం కనిపించాలి, తాము మాత్రం బయటివాళ్లకు అంతగా కనిపించకూడదు. ఆ కుటుంబానికి అది సౌకర్యం మాత్రమే కాదు, బతికే తీరు. ముందు వాళ్లతో కూర్చుని అడిగి తెలుసుకున్నాడు, ఆ తర్వాతే గీశాడు. మనకు చూడగానే నచ్చేది తిరిగే గొట్టాలు కావొచ్చు కానీ, కాలనీలు కట్టించే అధికారులు తీసుకెళ్లాల్సింది ఈ అడిగే పద్ధతినే అని నా గట్టి నమ్మకం.

నేలను తేలిగ్గా తాకాలి అన్న మాట ఆయనదేనా?

ఆదివాసుల మాటగా ఆయనే చెబుతాడు. తన పేరుతో అది లోకమంతా తిరిగింది. చేతల్లో ఎలా ఉంటుందో చూడాలంటే సిడ్నీ శివార్లలో గ్లెనోరీ దగ్గర ఇద్దరు చిత్రకారులకు కట్టిన బాల్-ఈస్ట్‌అవే హౌస్ చాలు. రాతి నేలను చదును చేయించలేదు, సన్నటి ఉక్కు కాళ్ల మీద ఇంటిని నిలిపాడు. రేపు ఆ ఇంటిని విప్పేస్తే రాయి దాదాపు పాత రాయిలాగే మిగులుతుంది. కార్చిచ్చు వచ్చే అడవి కాబట్టి మంటలను తట్టుకునేందుకు బయట నీళ్లు చల్లే ఏర్పాటూ చేశాడు.

ఇళ్లు తప్ప ఇంకేమీ కట్టలేదా?

కట్టాడు. కెంప్సీలో మ్యూజియం, కకడూ నేషనల్ పార్కులో ట్రోపో ఆర్కిటెక్ట్స్‌తో కలిసి బొవాలీ విజిటర్ సెంటర్. 1999లో రివర్స్‌డేల్‌లో పూర్తయిన ఆర్థర్ అండ్ ఇవాన్ బాయ్డ్ ఎడ్యుకేషన్ సెంటర్ వీటన్నిటిలో గొప్పదని నా అభిప్రాయం. షోల్‌హేవెన్ నది ఒడ్డున 32 మంది విద్యార్థులు పడుకునే వసతి అది. వెండీ లెవిన్, రెగ్ లార్క్‌లతో కలిసి చేశాడు. పడుకున్న పిల్లాడి కళ్లకు సరిపోయే ఎత్తులో మంచం పక్కన చిన్న కిటికీ ఉంటుంది. హాస్టల్ గదిలో అంత ఆలోచన పెట్టిన భవనాలు అరుదు.

మెల్బోర్న్ న్యూపోర్ట్‌లోని ఆస్ట్రేలియన్ ఇస్లామిక్ సెంటర్‌ను హకన్ ఎలెవ్లీతో కలిసి పదేళ్ల పాటు చేశాడు, 2016లో పూర్తయింది. గుమ్మటం లేదు, మామూలు మినార్లు లేవు. కప్పు మీద 96 లాంతర్లలాంటి స్కైలైట్లు, వాటిలో పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల అద్దాలు. పొద్దు తిరిగే కొద్దీ లోపల రంగు మారుతుంది. ముందు గోడ పారదర్శకంగా ఉంటుంది, ప్రార్థన బయటివారికీ కనిపించాలని. ఖర్చు అక్కడి ముస్లిం కుటుంబాల చందాలతో నడిచింది కాబట్టి పని నెమ్మదిగా సాగింది.

2022లో ఎడారి పట్టణం కోబార్‌లో పాత నీళ్ల ట్యాంకు లోపల కాంక్రీటు గది కట్టి, సంగీతకారుడు జార్జ్ లెంట్జ్ స్వరాలు వినడానికి సౌండ్ చాపెల్ అనే మందిరం చేశాడు. అప్పటికి ఎనభై అయిదేళ్లు దాటాయి.

సిడ్నీ ఒపేరా హౌస్ ఆయనదేనా?

కాదు. డెన్మార్క్‌కు చెందిన యార్న్ ఉట్జోన్‌ది. ఉట్జోన్‌కు ప్రిట్జ్‌కర్ 2003లో, మర్కట్ తర్వాతి ఏడాది వచ్చింది.

ముఖ్యమైన అవార్డులు?

ఆల్వార్ ఆల్టో మెడల్, ఆస్ట్రేలియా ఆర్కిటెక్టుల సంస్థ గోల్డ్ మెడల్ రెండూ 1992లో. ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా 1996లో. ప్రిట్జ్‌కర్ 2002లో. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ గోల్డ్ మెడల్ 2009లో. జపాన్ వారి ప్రీమియం ఇంపీరియాలే 2021లో.

భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

ఇక్కడ ఏమీ కట్టలేదు. కానీ 2018లో బాలకృష్ణ దోషికి ప్రిట్జ్‌కర్ వచ్చినప్పుడు జ్యూరీ చైర్మన్ మర్కట్టే. ఆ జ్యూరీలో రతన్ టాటా కూడా ఉన్నారు. భారతీయుడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ టౌన్‌షిప్ డిజైన్ చేసిందీ ఆ దోషిగారే. ఎండకు, గాలికి, అక్కడి జనం బతుకుకు తగ్గట్టు కట్టాలని జీవితమంతా పట్టుబట్టిన ఇద్దరు అలా ఒక వేదిక మీద కలవడం నాకెంతో సంతోషం కలిగించింది.

కంప్యూటర్ ముట్టడంటారు, ఈ రోజుల్లో అది సాధ్యమా?

ఆయనకు సాధ్యమైంది. పెన్సిల్‌తోనే గీశాడు. బుర్రకు తట్టక ముందే చెయ్యి జవాబును కనుక్కుంటుందన్నది ఆయన అనుభవం. ఇప్పటి విద్యార్థికి క్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీయడం) రాకపోతే ఉద్యోగం దొరకదు, ఆ విషయంలో ఆయన్ను అనుకరించమని ఎవరికీ చెప్పను. కానీ సైట్‌కి నోట్‌బుక్ పట్టుకెళ్లి చేత్తో గీయడం మాత్రం మానొద్దు. ఫొటో తీస్తే కళ్లు పనిచేయకుండానే పని అయిపోతుంది.

ఆయన మీద విమర్శలు లేవా?

ఉన్నాయి, వాటిలో న్యాయమూ ఉంది. విశాలమైన స్థలంలో, డబ్బూ ఓపికా ఉన్న కుటుంబానికి కట్టే ఒంటరి ఇల్లు నగరాల ఇళ్ల కొరతను తీర్చదు. నూటయాభై గజాల్లో మూడు అంతస్తులు లేపాల్సిన మన కూకట్‌పల్లి సమస్యకు ఆయన ప్లాన్లలో జవాబు దొరకదు. అయితే గాలి, నీడ, వాన నీళ్లు నూటయాభై గజాల్లో కూడా ఉంటాయి. విదేశాల్లో ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు మాత్రం ఆయన పక్షానే ఉంటాను. తెలియని మట్టి మీద, తెలియని వెలుతురులో కట్టనని చెప్పడం నిజాయితీ.

వెండీ లెవిన్ ఎవరు?

ఆయన భార్య, స్వయంగా ఆర్కిటెక్ట్. బాయ్డ్ సెంటర్‌తో పాటు మరికొన్ని పనుల్లో భాగస్వామి. పత్రికలు ఒంటరి మేధావి కథ చెప్పే ఊపులో ఈ పేరును తరచుగా వదిలేస్తుంటాయి. అది అన్యాయం.

ఆయన దగ్గర ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?

ఆఫీసే లేదు కాబట్టి ఇంటర్న్‌షిప్పూ లేదు. ఆయన పాఠం చెప్పింది యూనివర్సిటీల్లో, 2001లో మొదలైన మాస్టర్ క్లాసుల్లో. వివిధ దేశాల ఆర్కిటెక్టులు రివర్స్‌డేల్‌కు వచ్చి ఆయనతో, రిచర్డ్ లెప్లాస్ట్రియర్, పీటర్ స్టచ్‌బరీ వంటి ఆస్ట్రేలియా ఆర్కిటెక్టులతో కూర్చుని నేర్చుకున్నారు. ఫీజు, ప్రయాణం కలిపితే మన విద్యార్థికి భారమే. వెళ్లాలనుకుంటే క్లాసులు నడుస్తున్నాయో లేదో ముందు నిర్వాహకులను అడిగి తెలుసుకోండి.

ఆస్ట్రేలియాలో ఉంటున్నాం. ఆయన కట్టడాలు చూడొచ్చా?

ఇళ్లు చాలావరకు ప్రైవేటువి. మాగ్నీ హౌస్ గేటు దగ్గరికి వెళ్లి తొంగిచూడటం మర్యాద కాదు. బొవాలీ సెంటర్, కెంప్సీ మ్యూజియం, కోబార్ చాపెల్ జనం కోసం కట్టినవే. బాయ్డ్ సెంటర్ బుండనాన్ సంస్థ ఆవరణలో ఉంది, వెళ్లే ముందు సందర్శన రోజులు కనుక్కోండి.

మెల్బోర్న్ పడమటి శివార్లలో, పాయింట్ కుక్, వెరిబీ వైపు ఉండే తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గర న్యూపోర్ట్ ఇస్లామిక్ సెంటర్. వెరిబీ లైన్ రైల్లో న్యూపోర్ట్ స్టేషన్ దారిలోనే. ప్రార్థనా స్థలం కాబట్టి ముందుగా అడిగి, ప్రార్థన వేళలు కాని సమయంలో, చెప్పులు విడిచి, ఒళ్లు కప్పుకునే బట్టల్లో వెళ్లండి. వీలైతే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. రెండు వేళలా లోపల ఒకే రంగు ఉండదు.